మాట ఎక్కడ తప్పుతోంది? వేర్వేరు కారణాల మాట లోపాలను ప్రాట్‌లో విశ్లేషించే పద్ధతి, రికార్డింగ్ నుంచి రిపోర్ట్ దాకా

‘పేషెంట్ ఫైల్ ప్రాట్‌లో పెట్టాను, జిట్టర్ 1.8 వచ్చింది, ఇది పార్కిన్సన్సా, పక్షవాతమా?’ స్పీచ్ థెరపీ చదువుతున్న పిల్లలు, కొత్తగా క్లినిక్‌లో చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ప్రాట్ అంటే శబ్దాన్ని బొమ్మగా చూపి కొలిచే సాఫ్ట్‌వేర్, జిట్టర్ అంటే గొంతు అలల కాలంలో ఒకదానికీ తర్వాతిదానికీ వచ్చే హెచ్చుతగ్గు. ఆ ఒక్క అంకె ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు, ఏ అంకే చెప్పలేదు. జబ్బు పేరు తేల్చేది న్యూరాలజిస్టు, ఈఎన్‌టీ డాక్టరు, వాళ్లు తీయించే స్కాన్లు.

మనం చెప్పగలిగేది వేరే ఉంది, దాని విలువ తక్కువేం కాదు. ఊపిరి, గొంతు, ముక్కు దారి, నాలుక-పెదవులు, టైమింగ్, ఈ అయిదింటిలో మాట ఎక్కడ తప్పుతోందో, ఎంత తప్పుతోందో, థెరపీ తర్వాత ఎంత మారిందో చూపించగలం. కింద రాసినదంతా ఆ పని కోసమే. ప్రాట్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది, కాబట్టి ఇందులో చెప్పినవి చాలావరకు ఎవరైనా చేయొచ్చు.

1. మైకు తీయకముందే ప్రశ్న రాసుకోండి

ఒక తెల్లకాగితం మీద ఒకే వాక్యం రాయండి. ‘ఈయన మాట అర్థం కాకపోవడానికి కారణం గొంతా, నాలుకా?’ అనో, ‘ఈ పాప ప, బ తేడా పలుకుతోందా?’ అనో. ప్రశ్న లేకుండా ఫైల్ తెరిస్తే ప్రాట్ మీకు ఇరవై అంకెలు ఇస్తుంది, వాటిలో పెద్దగా కనిపించిన అంకె వెంట మీరు పోతారు.

కేస్ హిస్టరీలో ఇవి తప్పకుండా అడగండి:

- సమస్య ఉన్నట్టుండి వచ్చిందా, మెల్లమెల్లగా పెరిగిందా, పుట్టుకతోనే ఉందా
- వినికిడి పరీక్ష చేయించారా (ఇది లేకుండా పిల్లల విషయంలో ముందుకు పోకండి)
- అంగిలి ఆపరేషన్, థైరాయిడ్ ఆపరేషన్, తలకు దెబ్బ వంటివి ఏమైనా ఉన్నాయా
- పార్కిన్సన్స్ మందు వాడుతుంటే, ఆ రోజు మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు
- పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా మాట్లాడతారా
- ఇంట్లో ఏ భాష, ఏ ప్రాంతపు మాట

మాత్ర టైము చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మాత్ర వేసుకున్న గంటకు తీసిన రికార్డింగునీ, మళ్లీ మాత్ర వేసుకునే వేళకు తీసిన రికార్డింగునీ పక్కపక్కన పెట్టి ‘థెరపీతో మార్పు వచ్చింది’ అని రాస్తే అది ఎవరి ఖాతాలో వేయాలి?

రికార్డు చేయడానికి సంతకంతో అనుమతి తీసుకోండి. ఫైలుకు పేషెంట్ పేరు కాకుండా కోడ్ పెట్టండి, ‘పి07_పాట_1’ లాగా.

2. గది, మైకు, సెట్టింగులు

సగం విశ్లేషణలు పాడయ్యేది ఇక్కడే. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని బాగుచేయలేదు.

గదిలో ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపేయండి. తలుపులు, కిటికీలు మూయండి. గోడలు ఖాళీగా ఉండి గది మోగుతుంటే మందపాటి దుప్పట్లు, పరుపులు అడ్డం పెట్టండి, పని జరుగుతుంది. మైకు తలకు తగిలించేదైతే మంచిది, నోటికి 4 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా నోటి మూలకు పక్కగా ఉండాలి. బల్ల మీద మైకు పెడితే పేషెంట్ తల కదిలినప్పుడల్లా శబ్దం స్థాయి మారుతుంది. దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, వణుకు ఉన్నవాళ్ల విషయంలో ఇది పెద్ద తేడా.

రికార్డింగుకు ముందు ఒక్కోటీ టిక్ పెట్టుకోండి:

- వేవ్ ఫార్మాట్, 44,100 హెర్ట్జ్, 16 బిట్, మోనో
- ఫోన్ అయితే ఏరోప్లేన్ మోడ్
- నాయిస్ సప్రెషన్, ఆటో గెయిన్ (మైకు స్థాయిని దానంతటదే మార్చే ఏర్పాటు) ఆఫ్
- గెయిన్ ఒకసారి పెట్టాక మధ్యలో ముట్టుకోకూడదు
- బిగ్గరగా ‘హా’ అనిపించి చూడండి, వేవ్‌ఫామ్ (శబ్దపు అలల బొమ్మ) తలలు తెగకూడదు
- ఎవరూ మాట్లాడకుండా 5 సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేయండి
- ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి, బ్యాటరీ మీద నడపండి

ఆ 5 సెకన్ల నిశ్శబ్దం ఎందుకంటే, మాట సగటు తీవ్రతలోంచి నిశ్శబ్దం తీవ్రత తీసేస్తే గది మీకు ఎంత సహకరించిందో తెలిసిపోతుంది. తేడా 42 డెసిబెల్స్ దాటితే బాగుంది. 30 కన్నా తక్కువైతే జిట్టర్, షిమ్మర్ (అలల ఎత్తులో హెచ్చుతగ్గు) జోలికే పోకండి, టైమింగ్ కొలతలు మాత్రం చేసుకోవచ్చు.

చార్జర్ సంగతి నా అనుభవంతో చెబుతాను. ఒక పెద్దాయన మాట విశ్లేషించినప్పుడు పిచ్ (గొంతు శ్రుతి) గీత మాటల మధ్య కూడా కొనసాగుతూ, చాలాచోట్ల సరిగ్గా 100 హెర్ట్జ్ దగ్గర గీసినట్టు నిలబడింది. ఒకే స్థాయి గొంతు, పార్కిన్సన్స్‌లో ఉండేదే కదా అని నోట్స్‌లో రాసేశాను కూడా. మర్నాడు నిశ్శబ్దం ముక్కను తెరిచి చూస్తే అక్కడా 100 దగ్గరే గీత ఉంది, మనిషి మాట్లాడకుండానే! మన కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100, మగవాళ్ల గొంతు పిచ్ కూడా ఆ చుట్టుపక్కలే. చార్జర్ గుండా వచ్చిన హమ్‌ని పిచ్ ట్రాకర్ గొంతు అనుకుంది. ఆయన్ని మళ్లీ పిలిపించి రికార్డు చేయాల్సి వచ్చింది, అంత దూరం నుంచి బస్సులో వచ్చారాయన, ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే నిశ్శబ్దాన్ని ఎప్పుడూ మొదట కొలవండి.

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా వచ్చిన మాట మీద గొంతు కొలతలు చేయొద్దు, అది కుదించి పంపుతుంది. దూరంగా ఉన్న పేషెంట్ అయితే వేవ్ ఫైల్ రికార్డు చేసే యాప్ పెట్టించి, ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపమనండి.

3. ఏం మాట్లాడించాలి

ఈ పనుల వరుస మార్చకండి. గొంతు అలసిపోయే పనులు చివరికి ఉండాలి.

1. ‘ఆ’ మామూలు గొంతుతో 5 సెకన్లు, మూడుసార్లు.
2. పదాలు, ఒక్కోటి మూడుసార్లు, పదాలను కలగలిపి: పాట, పీట, పూట. పాట, బాట. తాత, దాత. కాలి, గాలి. పడు, పాడు. పటం, పట్టం. పాప. ఐదు.
3. వాక్యాలు: ‘తాత పాపకు పీట పెట్టాడు’, ‘మా మేనమామ నాన్నమ్మను నమ్మాడు’.
4. ‘పపపప’, ‘తతతత’, ‘కకకక’, ‘పతక పతక’, వీలైనంత త్వరగా, స్పష్టంగా, ఒక్కోటి 5 సెకన్లకు తగ్గకుండా.
5. నిన్న పొద్దున్నుంచి ఏం చేశారో 2 నిమిషాలు చెప్పమనండి.
6. చివరగా, ఒకే ఊపిరిలో ‘ఆ’ ఎంతసేపు పట్టగలరో మూడు ప్రయత్నాలు.

ఈ పదాలు ఊరికే ఏరినవి కావు. పాట, పీట, పూట మూడింటిలో ముందూ వెనకా ఒకే హల్లులు, మధ్య అచ్చు మాత్రమే మారుతుంది కాబట్టి అచ్చుల కొలత శుభ్రంగా వస్తుంది. పాట-బాట పరుష, సరళాల తేడాకి, పడు-పాడు హ్రస్వ దీర్ఘాలకి, పటం-పట్టం ద్విత్వానికి. మొదటి వాక్యంలో ముక్కు అక్షరం ఒక్కటీ లేదు, రెండో దాంట్లో దాదాపు అన్నీ అవే.

ఇంగ్లిష్ పుస్తకాల్లో ‘పటక’ అని ఉంటుంది. వాళ్ల ‘ట’ నాలుక కొనను పళ్ల వెనక చిగురుకు ఆనించేది. మన ‘ట’ నాలుక వెనక్కి మడిచేది, మన ‘త’ పళ్లకు తగిలేది. తెలుగువాళ్లకు ‘పతక’ తేలిక. ఒకటి గుర్తుంచుకోండి, ‘పతకం’ మనకు తెలిసిన మాట, అందుకని కొందరు దాన్ని పదంలా అలవాటుగా అనేస్తారు. అప్రాక్సియా (కండరాలు బాగున్నా మాటకు కావాల్సిన కదలికలను మెదడు వరుసగా పేర్చలేకపోవడం) అనుమానం ఉంటే ‘కతప’ కూడా అనిపించండి, అర్థం లేని వరుసలో తడబాటు బాగా బయటపడుతుంది.

చదవడం రానివాళ్లకు చూసి అనిపించే పద్ధతి పెట్టొద్దు, మీరు అని వాళ్లచేత అనిపించండి. కానీ రెండోసారి రికార్డింగులో కూడా అదే పద్ధతి ఉండాలి.

4. కొలవకముందు వినండి, చూడండి

ఫైల్ తెరిచి, ఏ బటనూ నొక్కకుండా మొత్తం ఒకసారి వినండి. తర్వాత స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే బొమ్మ) చూస్తూ వినండి. మూడోసారి వింటూ టెక్స్ట్‌గ్రిడ్‌లో (శబ్దం కింద గుర్తులు రాసుకునే ప్రాట్ ఫైల్) మూడు వరుసలు గుర్తించండి: పదం, అక్షరం, వ్యాఖ్య. వ్యాఖ్య వరుసలో ‘దగ్గు’, ‘కుర్చీ చప్పుడు’, ‘గొంతు విరిగింది’ వంటివి రాయండి. ఓపిక పట్టాల్సిన పని, కానీ తర్వాతి కొలతలన్నీ దీనిమీదే నిలబడతాయి.

స్పెక్ట్రోగ్రామ్ విండో 0.005 సెకన్లు, 0 నుంచి 5000 హెర్ట్జ్. పరుషాల్లో మూసిన నోరు తెరుచుకునే చోట పేలుడు గీత సన్నగా నిలువుగా కనిపించాలి. కనిపించకపోతే జూమ్ చేయండి, అప్పటికీ కనిపించకపోతే అది లేనట్టే, అదే మీకు దొరికిన సమాచారం. లేని గీతను ఊహించి గుర్తు పెట్టొద్దు.

‘ఆ’ వేవ్‌ఫామ్‌ని దగ్గరగా చూడండి. అలలు ఒకదాని వెంట ఒకటి ఒకే పోలికలో వస్తుంటే జిట్టర్, షిమ్మర్ కొలవచ్చు. ఒక పెద్ద అల ఒక చిన్న అల మారి మారి వస్తున్నా, మధ్యలో పిచ్ దూకుతున్నా, అలే లేకుండా గరగరలాడుతున్నా ఆ రెండు అంకెల్నీ రిపోర్టులో పెట్టకూడదు. బాగా బొంగురుపోయిన గొంతులో ప్రాట్ అలలనే సరిగా లెక్కపెట్టలేదు, అలాంటప్పుడు వచ్చిన ‘జిట్టర్ 6 శాతం’కి అర్థం లేదు.

5. కొలతలు, ఒక్కోటిగా

*5.1 గొంతు*

‘ఆ’ మొదలు, చివర వదిలేసి మధ్యలో 3 సెకన్లు తీసుకోండి. పిచ్ రేంజ్ మీరే పెట్టండి: మగవాళ్లకు 75 నుంచి 300, ఆడవాళ్లకు 100 నుంచి 500, చిన్నపిల్లలకు ఇంకా పైకి. వాయిస్ రిపోర్టులో సగటు పిచ్, జిట్టర్, షిమ్మర్, హెచ్‌ఎన్‌ఆర్ (నాదానికీ గరగరకీ నిష్పత్తి) వస్తాయి.

వీటికన్నా నేను ఎక్కువ నమ్మేది సీపీపీఎస్‌ని, అంటే గొంతు నాదం ఎంత స్పష్టంగా ఉందో చెప్పే కొలతని. అలల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాల్సిన అవసరం దానికి లేదు, అందుకే బాగా పాడైన గొంతులోనూ, మామూలు వాక్యాల్లోనూ పనికొస్తుంది. గొంతులో గాలి ఎక్కువగా లీకైతే, నాదం బలహీనపడితే అది తగ్గుతుంది. సెట్టింగులు మారితే అంకె మారిపోతుంది కాబట్టి వాడిన సెట్టింగులు ఫైల్ పక్కనే రాసుకోండి.

జిట్టర్‌కి 1.04 శాతం, షిమ్మర్‌కి 3.81 శాతం అనే హద్దులు చాలామంది నోట్సుల్లో కనిపిస్తాయి. అవి ఎండీవీపీ అనే వేరే సాఫ్ట్‌వేర్‌వి. ప్రాట్ అంకెల మీద వాటిని గీటురాయిలా వాడొద్దు.

*5.2 పిచ్ ఎత్తుపల్లాలు*

2 నిమిషాల మాటలో పిచ్ ఎంత ఎగిసిపడుతోందో హెర్ట్జ్‌లో చెప్పకండి, సెమీటోన్లలో (సంగీతంలో అరస్వరాలు) చెప్పండి. 100 నుంచి 120 దాకా వెళ్లిన మగగొంతు 3.2 సెమీటోన్లు కదిలింది. 200 నుంచి 220 దాకా వెళ్లిన ఆడగొంతు 1.7 కూడా కదల్లేదు. రెండూ 20 హెర్ట్జే, చెవికి వినిపించేది మాత్రం సగానికి సగం తేడా.

*5.3 వీవోటీ, దీర్ఘం, ద్విత్వం*

వీవోటీ అంటే పేలుడు నుంచి నాదం (స్వరతంత్రుల కంపనం) మొదలయ్యేదాకా పట్టే కాలం. మన విద్యార్థులు అందరికన్నా ఎక్కువగా పొరబడేది ఇక్కడ. ఇంగ్లిష్‌లో పదం మొదట్లో వచ్చే ప, ట, క లకు పేలుడు తర్వాత నాదం మొదలవడానికి 60 నుంచి 80 మిల్లీసెకన్లు పడుతుంది. తెలుగు పరుషాలకు అంత గాలి ఉండదు. మన ‘ప’కి నాదం పేలుడు వెంటనే వస్తుంది, ‘క’కి కాస్త ఆలస్యం. మన సరళాలకైతే పేలుడుకు ముందే నాదం మొదలవుతుంది, స్పెక్ట్రోగ్రామ్ అడుగున నల్లటి పట్టీ కనిపిస్తుంది, కొలత మైనస్‌లో వస్తుంది.

అంటే ఇంగ్లిష్ పట్టికతో పోల్చితే తెలుగు మాట్లాడే ఆరోగ్యవంతుడి ‘పాట’ కూడా ‘బాట’ అని వస్తుంది. పోల్చాల్సింది అదే ఊరి, అదే వయసు మామూలు మనిషితో. కనీసం అయిదారుగురిని ఇవే పదాలతో, ఇదే మైకుతో రికార్డు చేసి మీ క్లినిక్‌లో ఉంచుకోండి.

ఒత్తు అక్షరాలు మామూలు మాటలో చాలామంది ఒత్తకుండా అనేస్తారు, ‘భయం’ని ‘బయం’ అనడం లోపం కాదు. దాన్ని తప్పుల లెక్కలో వేయకండి.

పడు-పాడులో అచ్చుల పొడవు కొలిచి నిష్పత్తి చూడండి. పటం-పట్టంలో నోరు మూసిన కాలం కొలవండి. మామూలు మాటలో దీర్ఘం హ్రస్వానికి సుమారు రెట్టింపు ఉంటుంది. మాట మెల్లబడ్డప్పుడు చాలామందిలో అన్నీ సాగుతాయి కానీ తేడా మిగులుతుంది. హ్రస్వం కూడా దీర్ఘమంత సాగిపోతే వినేవాళ్లకు పదమే మారిపోతుంది. తెలుగులో ఇది అర్థాన్ని నిలబెట్టే తేడా కాబట్టి మామూలు ‘మాట వేగం’ కన్నా ముందు దీన్ని రాయాలంటాను.

*5.4 అచ్చుల చోటు*

పాట, పీట, పూటల్లో అచ్చు మధ్యభాగంలో ఎఫ్1, ఎఫ్2 తీసుకోండి, ఇవి నోటి ఆకారాన్ని బట్టి బలపడే మొదటి రెండు పౌనఃపున్యాలు, వీటినే ఫార్మెంట్లు అంటాం. గరిష్ఠ ఫార్మెంట్ మగవాళ్లకు 5000, ఆడవాళ్లకు 5500, చిన్నపిల్లలకు 8000 దాకా. ప్రాట్ ఫార్మెంట్లకు పెట్టే ఎర్ర చుక్కల్ని గుడ్డిగా నమ్మకండి. ‘ఊ’లో ఎఫ్1, ఎఫ్2 దగ్గరగా ఉంటాయి, ప్రాట్ రెండింటినీ ఒకటిగా పట్టుకుంటే ఎఫ్2 ఉన్నట్టుండి 2000 దాటిపోతుంది. అప్పుడు ఫార్మెంట్ల సంఖ్యను కొంచెం పెంచి చూడండి.

తర్వాత ఈ లెక్క వేయండి: ఊ ఎఫ్2, ఆ ఎఫ్2, ఈ ఎఫ్1, ఊ ఎఫ్1 నాలుగూ కూడి, ఈ ఎఫ్2, ఆ ఎఫ్1 ల మొత్తంతో భాగించండి. లెక్క అర్థం కావడానికి నేను వేసిన అంకెలు ఇవి: ఒకరికి 900, 1200, 300, 350 కలిపితే 2750. కింద 2200, 750 కలిపితే 2950. వచ్చేది 0.93. ఇంకొకరికి 1150, 1250, 380, 410 కలిపితే 3190. కింద 1900, 650 కలిపితే 2550. వచ్చేది 1.25. అంకె పెరిగేకొద్దీ మూడు అచ్చులూ నోటి మధ్యకు చేరిపోతున్నట్టు, అంటే నాలుక పూర్తిగా కదలడం లేదన్నమాట.

‘ఐదు’లో అ నుంచి ఇ కి ఎఫ్2 ఎక్కే వాలు కూడా చూడండి. మోటార్ న్యూరాన్ జబ్బులో ఈ వాలు బల్లపరుపుగా అవుతుంది.

*5.5 పతక పతక*

ఒక్కో పేలుడు నుంచి తర్వాతి పేలుడుకి ఎంత కాలమో కొలవండి. రెండు అంకెలు కావాలి: సెకనుకు ఎన్ని అక్షరాలు, ఆ ఎడాల్లో హెచ్చుతగ్గులు ఎంత (ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించి శాతంలో). మామూలు పెద్దవాళ్లు సెకనుకు 5 నుంచి 7 అనగలరు.

ఇవి కూడా ఉదాహరణ కోసమే. మొదటి మనిషి ఎడాలు 300, 310, 290, 305, 295 మిల్లీసెకన్లు. సగటు 300, హెచ్చుతగ్గు 2.6 శాతం. రెండో మనిషివి 160, 240, 180, 320, 200. సగటు 220, హెచ్చుతగ్గు 29 శాతం. వేగం ఒక్కటే చూస్తే రెండో మనిషి బాగున్నట్టు. కానీ మొదటిది మెల్లగా, గడియారంలా నడుస్తోంది, రెండోది ఎప్పుడు ఎక్కడ పడుతుందో తెలియకుండా ఉంది. బిగుసుకున్న కండరాల మాట మొదటిలా, చిన్నమెదడు దెబ్బతిన్న మాట రెండోదానిలా కనిపించడం పరిపాటి.

6. ఒకే మాట ‘పాప’, కారణాన్ని బట్టి ఎలా మారుతుంది

అన్నీ నేర్చుకునే ఓపిక లేకపోతే ఈ ఒక్క పదంలో రెండో ‘ప’ని శ్రద్ధగా చూడటం నేర్చుకోండి. మామూలు మనిషి ‘పాప’లో మొదటి ఆ తర్వాత పెదవులు మూసుకుంటాయి, స్పెక్ట్రోగ్రామ్ మీద తెల్లటి ఖాళీ, తర్వాత సన్నటి పేలుడు గీత, వెంటనే అచ్చు. ఖాళీ మొదట్లో ఒకటి రెండు నాదపు అలలు మిగిలి ఉండటం మామూలే, భయపడకండి.

పార్కిన్సన్స్: ఆ ఖాళీ ఖాళీగా ఉండదు. పెదవులు పూర్తిగా మూసుకోవు కాబట్టి గాలి జారుతూనే ఉంటుంది, తెల్లగా ఉండాల్సిన చోట బూడిదరంగు పొగలా నిండి ఉంటుంది, పేలుడు గీత చెరిగిపోతుంది. పైగా మాట చిన్నది, పిచ్ కదలదు, మధ్యమధ్య పరుగులా దొర్లిపోతుంది. మొదటి ‘పాప’ బాగానే ఉండి పదో ‘పాప’కి ఖాళీ నిండిపోవడం కూడా చూస్తాం, కాబట్టి వరుసలో చివరివి తప్పక చూడండి.

పక్షవాతం వల్ల మెదడు రెండువైపులా దెబ్బతిని బిగుసుకున్న మాట: ఖాళీ ఉంటుంది, బాగా పొడవుగా. అంతా మెల్లగా సాగుతుంది. అచ్చులో నొక్కిపట్టిన, ఒరుసుకున్న గొంతు.

చిన్నమెదడు దెబ్బతింటే: మూడు ‘పాప’లు మూడు రకాలుగా ఉంటాయి. ఒకదాంట్లో ఖాళీ పొడవు, ఒకదాంట్లో పొట్టి, ఒకదాంట్లో పేలుడు బాంబులా. మామూలుగా తేలిగ్గా పోయే అక్షరాల మీద కూడా సమానంగా బరువు పడుతుంది. ఇక్కడ సగటు అబద్ధం చెబుతుంది, హెచ్చుతగ్గు చూడండి.

అంగిలి చీలిక, లేదా అంగిలి కండరం బలహీనత: పెదవులు మూసుకున్నా గాలి ముక్కులోంచి పోతుంది. ఖాళీలో అడుగున, సుమారు 250-300 హెర్ట్జ్ దగ్గర ముక్కు గుంజనం పట్టీ, పేలుడు బలహీనం. కొందరు పిల్లలు నోటిలో ఒత్తిడి నిలవక గొంతులోనే గాలిని ఆపి అంటారు, అప్పుడు పెదవుల పేలుడే ఉండదు, పక్క అచ్చుల్లో ‘ప’ వైపు వంగే ఫార్మెంట్ వాలు కూడా ఉండదు. ‘తాత పాపకు’ వాక్యాన్ని, ‘మా మేనమామ’ వాక్యాన్ని పక్కపక్కన పెట్టండి, మామూలు మనిషిలో అవి పూర్తిగా వేరుగా ఉంటాయి, ఇక్కడ ఒకదానిలోకి ఒకటి వచ్చేస్తాయి. ముక్కు శబ్దం ఎంత శాతమో స్పెక్ట్రోగ్రామ్‌తో అంకె వేయకండి, దానికి నేసోమీటర్ ఉంది. అది లేకపోతే ముక్కు కింద చిన్న అద్దం పెట్టి ‘పాప’ అనిపించండి, ఆవిరి పడితే గాలి ముక్కులోంచి పోతున్నట్టే.

అప్రాక్సియా: ఒకసారి ‘పాప’, ఒకసారి ‘బాప’, ఒకసారి మొదలుపెట్టి ఆగి మళ్లీ ‘పా… పాప’. వీవోటీలు ప గుంపుకీ బ గుంపుకీ మధ్య చెల్లాచెదురుగా పడతాయి. ‘పపపప’ పర్లేదనిపించి, ‘పతక’లో కుప్పకూలడం దీని ముఖ్యమైన గుర్తు. ‘సోమవారం, మంగళవారం’ లాంటి అలవాటు మాటలు తేలిగ్గా వచ్చేస్తాయి.

పుట్టుకతో వినికిడి లోపం: అచ్చులు సాగుతాయి, ‘ఈ’ ఎఫ్2 కిందికి దిగుతుంది, ప-బ వీవోటీలు కలిసిపోతాయి, పిచ్ ఎక్కువగా ఉండటమో అదుపులో లేకపోవడమో కనిపిస్తుంది. కంటికి కనిపించని అక్షరాలకన్నా కంటికి కనిపించే పెదవుల అక్షరాలు బాగుంటాయి, కాబట్టి ‘పాప’ ఒక్కటే చూసి బాగుందనుకోకుండా ‘కాకి’ కూడా అనిపించండి.

గొంతులో కాయలు, ఒకవైపు స్వరతంత్రి పడిపోవడం: ఖాళీ, పేలుడు, ఫార్మెంట్లు అన్నీ సరిగ్గా ఉంటాయి. అచ్చులో మాత్రం గాలి గరగర, సీపీపీఎస్ తక్కువ, ఒకే ఊపిరిలో ‘ఆ’ త్వరగా అయిపోతుంది. రోజంతా అరిచే టీచర్లలో, థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత వచ్చినవాళ్లలో ఇది ముందు అనుమానించాలి. ఈఎన్‌టీ డాక్టరు గొంతులోకి చూడకుండా థెరపీ మొదలుపెట్టకండి.

నత్తి: ఒక్క పదంతో తేలదు, 2 నిమిషాల మాటలో నోరు పట్టేసిన నిశ్శబ్దాలు, సాగదీతలు, పునరుక్తులు విడివిడిగా గుర్తించి వాటి కాలం కొలవండి.

మయస్థీనియా లాంటి అలసట జబ్బులు: 2 నిమిషాల మాటలో మొదటి 10 సెకన్లు, చివరి 10 సెకన్లు పక్కపక్కన పెట్టండి. ముక్కు శబ్దం, గాలి లీకు పెరుగుతూ పోతే ఆ మాట డాక్టరుకు వెంటనే చేరాలి.

ఇవన్నీ పోలికలు మాత్రమే. ఒకే మనిషిలో రెండు కలిసి ఉంటాయి, మోటార్ న్యూరాన్ జబ్బులో బిగువు, బలహీనత రెండూ కలిసే వస్తాయి. స్పెక్ట్రోగ్రామ్ చూసి జబ్బు పేరు రాసి ఇంటివాళ్ల చేతిలో పెట్టే హక్కు మనకు లేదు.

7. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

పిచ్ ఉన్నట్టుండి సగానికి పడటమో, రెట్టింపవడమో: రేంజ్ ఆ మనిషికి తగ్గట్టు కుదించండి, చెవితో సరిచూడండి. గొంతు నిజంగానే విరిగి ఉంటే దాన్ని సరిదిద్దకుండా గుర్తించి వదిలేయండి.

గొంతు ఎంత బిగ్గరగా ఉందో డెసిబెల్స్‌లో రాయడం: ప్రాట్ చూపించే అంకె మీ మైకు గెయిన్ మీద ఆధారపడుతుంది. సౌండ్ లెవెల్ మీటరుని నోటికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, అదే క్షణం రికార్డు చేసి, రెండింటి తేడాను సవరణగా కలపండి. అది చేయకపోతే ‘ముందుకన్నా పెరిగింది’ అని కూడా రాయలేరు.

జబ్బు తెలిసి కొలవడం: పార్కిన్సన్స్ అని ముందే తెలిస్తే మన కన్ను ఖాళీలో పొగనే వెతుకుతుంది. ఫైళ్లకు కోడ్ పెట్టి, ఎవరిదో తెలియకుండా కొలవండి. పదింటిలో ఒక ఫైల్‌ని వారం తర్వాత మళ్లీ కొలిచి, రెండు అంకెలు ఎంత దగ్గరగా వచ్చాయో చూసుకోండి. వీవోటీ 10 మిల్లీసెకన్లు తేడా వస్తే మీ గుర్తు పెట్టే పద్ధతిలో లోపముంది.

స-జ నిష్పత్తి: ఇంగ్లిష్ పుస్తకాల్లో ‘స్‌స్‌స్’ ఎంతసేపు, దాని నాద రూపం ఎంతసేపు అని పోలుస్తారు. ఆ రెండో శబ్దం తెలుగులో విడిగా లేదు, మనవాళ్లు దాని చోట ‘జ’ అంటారు, అది సాగదు. తెలుగు పేషెంట్లకు ఈ పరీక్ష మానేయండి, ‘ఆ’ పట్టించడం చాలు.

ఒక్క ప్రయత్నం మీద తీర్పు: మొదటిసారి అందరికీ టెన్షన్. మూడింటిలో ఏది తీసుకోవాలో రికార్డింగుకు ముందే నిర్ణయించుకోండి.

8. రిపోర్ట్ రాయడం

వాక్యం వరుస ఇలా పెట్టండి: ఏ పని చేయించాం, ఏం కనిపించింది, అంకె, పోల్చినది ఎవరితో, దానివల్ల మాటలో ఏం ఇబ్బంది. ఒక నమూనా:

‘పాప అనే పదం మూడు ప్రయత్నాల్లో రెండిట రెండో ప దగ్గర పెదవులు పూర్తిగా మూసుకోలేదు, ఖాళీలో గాలి శబ్దం ఉంది. పడు-పాడు తేడా నిలబడింది. 2 నిమిషాల మాటలో పిచ్ కదలిక అదే వయసు అయిదుగురితో పోల్చితే తక్కువ. గొంతు నాణ్యత కొలతలు తీసుకోలేదు, గది చప్పుడు ఎక్కువగా ఉంది. మాత్ర వేసుకున్న రెండు గంటలకు రికార్డు చేశాం.’

పంపే ముందు చూసుకోండి:

- సాఫ్ట్‌వేర్ వెర్షన్, పిచ్ రేంజ్, ఫార్మెంట్ సెట్టింగులు రాశారా
- మైకు, దూరం, గది నిశ్శబ్దం అంకె ఉన్నాయా
- కొలవలేకపోయినవి, ఎందుకు కొలవలేకపోయారో రాశారా
- జబ్బు పేరు మీ అంతట మీరు ఎక్కడా రాయలేదు కదా
- ఇంటివాళ్లకు అర్థమయ్యే రెండు వాక్యాలు చివర ఉన్నాయా

అసలు వేవ్ ఫైల్‌ని, టెక్స్ట్‌గ్రిడ్‌ని, సెట్టింగుల నోట్‌ని ఒకే ఫోల్డర్‌లో పాస్‌వర్డ్‌తో దాచండి. మూడు నెలల తర్వాత ఆ మనిషి మళ్లీ వచ్చినప్పుడు అదే మైకు, అదే దూరం, అదే గది, అదే పదాల వరుస, పార్కిన్సన్స్ అయితే మాత్ర వేసుకున్న అన్ని గంటలకే. మొదట 5 సెకన్ల నిశ్శబ్దం.